కండొనేషన్ అంటే డొనేషన్ కాదు

"పిల్లల చదువుల మీద ఏదైనా రాయండి, మీ అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తి చేశాడు కదా" అని సంచిక మిత్రులు అడిగితే ముందు నవ్వొచ్చింది. పూర్తి చేశాడు, నిజమే. నాలుగేళ్ళ కోర్సు ఐదేళ్ళలో పూర్తి చేశాడు. ఆ ఐదో ఏడు సంగతి మన సంఘంలో ఎవరికీ తెలియదు. ఉగాదికో, దీపావళికో కలిసినప్పుడు ఎవరైనా "మీవాడిది అయిపోయి ఉండాలే?" అంటే, "ప్రాజెక్టు వర్కులో ఉన్నాడండీ" అనేవాణ్ణి. ఏడాది పొడుగునా అదే ప్రాజెక్టు! నా అబద్ధాన్ని పాపం మా ఆవిడ కూడా మోసింది.

వాడికిప్పుడు ముప్పై ఏళ్ళు. ఇది వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. "రాసుకో నాన్నా, పేరు మాత్రం వెయ్యకు" అన్నాడు. వెయ్యను.

ముందు మా ఊరి గురించి రెండు మాటలు. ఊరంటే తణుకు కాదు, సిత్రా. మనామా నుంచి ఉమ్ అల్ హస్సమ్ దాటి వంతెన ఎక్కి, నబీ సాలెహ్ దీవి పక్కనించి వస్తే మా సిత్రా దీవి. మనవాళ్ళలో చాలామంది సిత్రాని కారు అద్దంలోంచే చూసుంటారు. నూనె ట్యాంకులు, పైపులు, రాత్రయితే దూరంగా రిఫైనరీ మంట. 1932లో బహ్రైన్‌లో చమురు పడింది, 1936లో రిఫైనరీ మొదలైంది. ఆ నూనె ఓడలెక్కేది మా సిత్రా రేవు దగ్గరే. దానికి ముందు ఇది ఖర్జూర తోటలూ, మంచినీటి ఊటలూ ఉన్న దీవి అని వాదియాన్‌లో మా ఇంటాయన చెప్తాడు. ఆయన చిన్నప్పుడు ఈత కొట్టిన చోట ఇప్పుడు లారీలు ఆగుతాయి. నేను 1997లో వచ్చాను. అప్పటి నుంచి ఇక్కడే ఒక కాంట్రాక్టు కంపెనీలో మెయింటెనెన్స్ ప్లానర్ని. ఏ పంపు ఎప్పుడు విప్పాలి, ఏ బేరింగు ఎప్పుడు మార్చాలి అని లెక్కలేసి కాగితం మీద పెట్టడం నా పని. పంపు ఆగిపోయాక పరిగెత్తేవాడు మెకానిక్కు. ఆగక ముందే కనిపెట్టాల్సినవాణ్ణి నేను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నాకే సిగ్గేసిన సంగతి ఇది.

ఇక అసలు విషయం. మన తెలుగులో కౌన్సెలింగ్ అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? మొదటిది ఎంసెట్ కౌన్సెలింగ్. ర్యాంకు కార్డు, హెల్ప్‌లైన్ సెంటరు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఆప్షన్లు, చివరికి సీటు. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా ఆ మాట మాత్రం పోలేదు. రెండోది పేపర్లో చదివేది, "రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ ఇచ్చిన సీఐ". తాగి బండి నడిపినవాడికి కూడా తల్లిదండ్రుల్ని పక్కన నిలబెట్టి ఇదే ఇస్తారు. మూడోది మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే. అంటే సీటు కోసం, తిట్టడం కోసం, కాపురం నిలబెట్టడం కోసం. చదువుకునే పిల్లాడు పొద్దున్నే మంచం మీంచి లేవలేకపోతున్నాడు, వాడి మాట ఎవరైనా కూర్చుని వినాలి అన్న అర్థం నాకు తెలిసిన తెలుగులో లేదు. అందుకే 2014లో ఒకరు నాతో "అబ్బాయికి కౌన్సెలింగ్ అవసరం సార్" అంటే, "సీటొచ్చి ఏడాదిన్నర అయిందిగా మేడం!" అన్నాను. నిజంగా అన్నాను.

మావాడు పుట్టింది తణుకులో, పెరిగిందంతా ఇక్కడే. సీబీఎస్ఈ, సెకండ్ లాంగ్వేజి హిందీ. తెలుగు మాట్లాడతాడు కానీ బస్సు బోర్డు చదవాలంటే కూడబలుక్కోవాలి. 2013లో పన్నెండు అయింది. అప్పుడు నేనెంత పరిశోధన చేశానో! దాసా అంటే ఏమిటి, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి ఎన్‌ఐటీల్లో సీఐడబ్ల్యూజీ సీట్లు ఎన్ని, ప్రైవేటు కాలేజీల్లో ఎన్నారై కోటా పదిహేను శాతంలో ఏ బ్రాంచికి ఎంత... ఎక్సెల్ షీటు తయారుచేశాను. మిత్రులు నా దగ్గర కాపీ తీసుకునేవారు. చివరికి హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో ఎన్నారై కోటాలో మెకానికల్. ఫీజు, హాస్టలు, మెస్సు అన్నీ కలిపి ఏడాదికి మూడు లక్షల ఇరవై వేలు. ఆ షీటులో ముప్ఫై రెండు కాలమ్స్ ఉండేవి. "వాడికి అక్కడ ఎవరున్నారు?" అనే కాలమ్ మాత్రం లేదు.

2014 ఏప్రిల్లో ఒక రాత్రి ఫోను. "నాన్నా, కండొనేషన్ కట్టాలి. కొంచెం డబ్బులు పంపుతావా?"

"మళ్ళీ డొనేషనేమిట్రా? చేరేటప్పుడే కట్టాంగా!"

"అది కాదు నాన్నా. వేరే ఫీజు."

"సరే, మావయ్యకి చెప్తాలే."

నలభై సెకన్లు కూడా మాట్లాడి ఉండం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జేఎన్‌టీయూ కాలేజీల్లో హాజరు డెబ్భై ఐదు శాతం ఉండాలి. అరవై ఐదుకీ డెబ్భై ఐదుకీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి పరీక్ష రాయనిస్తారు. అదే కండొనేషన్. అరవై ఐదు కూడా లేకపోతే డిటైన్. అంటే నెలల తరబడి మావాడు క్లాసులకి సరిగ్గా వెళ్ళడం లేదని వాడే నాకు ఫోన్ చేసి చెప్పాడన్నమాట! ఆ మాటకి అర్థం అడగలేదు నేను. పంపులో వైబ్రేషన్ కాస్త పెరిగితే రెడ్ పెన్నుతో చుట్టి పైకి పంపేవాణ్ణి, ఇక్కడ డబ్బు పంపి ఊరుకున్నాను.

నవంబరులో కూకట్‌పల్లి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నువ్వు కంగారు పడనంటే ఒక మాట చెప్తాను." ఆ వాక్యం తర్వాత కంగారు పడకుండా ఉన్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఏదో పనిమీద అటు వెళ్ళి, మేనల్లుణ్ణి చూద్దామని హాస్టలుకి వెళ్తే పట్టపగలు పన్నెండింటికి కిటికీలు మూసి పడుకుని ఉన్నాడట. గడ్డం, చిక్కిపోయిన మొహం. రూమ్మేట్‌ని అడిగితే, "వాడు క్లాసుకొచ్చి చాలా రోజులైంది అంకుల్" అన్నాడట. రోజూ రాత్రి ఎనిమిదికి, అంటే అక్కడ పదిన్నరకి, మాతో మాట్లాడేవాడు. "తిన్నావా? తిన్నాను. చదువుతున్నావా? చదువుతున్నాను." రోజుకి రెండు ప్రశ్నలు, రెండు జవాబులు.

మా సూపర్‌వైజరు బహ్రైనీ, మా సిత్రా మనిషే. లీవు కాగితం పెట్టి ఏం చెప్పాలో తెలియక నిలబడితే, "కొడుకా, కూతురా?" అని ఒక్క మాటే అడిగి సంతకం పెట్టేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని పక్కింట్లో మలయాళీ వాళ్ళ దగ్గర ఉంచి, మేమిద్దరం ఆ రాత్రే బయల్దేరాం. విమానంలో నేను వాణ్ణి ఎలా తిట్టాలో వాక్యాలు తయారుచేసుకున్నాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కాలేజీలో హెచ్చోడీ గారు రిజిస్టరు తీసి చూపించారు. నలభై ఒక్క శాతం. డిటైన్. ఇంకేమీ చెయ్యలేమన్నారు. ఆ గది ఎదురుగానే "స్టూడెంట్ కౌన్సెలింగ్ సెల్" అని ఇత్తడి బోర్డు ఉన్న తలుపు ఒకటి కనపడింది, తాళం వేసి. కిటికీలోంచి చూస్తే పాత ఆన్సరు షీట్ల కట్టలు. ఇన్‌స్పెక్షన్లు వచ్చినప్పుడు మెంటార్ల లెక్క అడుగుతారు కదా, అందుకని ప్రతి ఇరవై మందికీ ఒక మెంటారని కాగితం మీద ఉంది. మావాడి మెంటారుగా రాసిన ఆయన ఆ కాలేజీ వదిలి అప్పటికి ఆర్నెల్లు.

అక్కడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినావిడ ఇంగ్లీషు లెక్చరరు. కమ్యూనికేషన్ ల్యాబులో బాగా మాట్లాడే కుర్రాడు ఉన్నట్టుండి రావడం మానేశాడేమిటని ఆవిడే రెండుసార్లు హాస్టలుకి మనిషిని పంపింది. లోకల్ గార్డియన్ నెంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేసిందట. ఆ నెంబరు చూపించింది. నేనే రాసిచ్చిన నెంబరు. మా బావమరిది ఇల్లు మారి, ఆ ల్యాండ్‌లైను తీసేసి ఏడాది దాటింది. మార్పించాలన్న ఆలోచనే నాకు రాలేదు. కాలేజీని తిట్టడానికి నోరు తెరిచినవాణ్ణి అక్కడ మూశాను.

"అబ్బాయికి కౌన్సెలింగ్ అవసరం సార్" అన్నది ఆవిడే. నేనన్న సీటు జవాబు పైన చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సిటీలో ఒక ఆస్పత్రిలో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారు, తీసుకెళ్ళండి అంది. "మావాడికి పిచ్చేమిటండీ" అన్నాను. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మా ఆవిడ, "అడ్రసు రాసివ్వండమ్మా" అంది.

సైకాలజిస్టు గారిది చిన్న గది. మేం ముగ్గురం లోపలికెళ్ళి కూర్చున్నాం. పది నిమిషాలు వివరాలన్నీ రాసుకుని, "ఇక మీరిద్దరూ బయట కూర్చోండి" అందావిడ. నాకు ఒళ్ళు మండింది. టిక్కెట్టు కొనుక్కుని సముద్రం దాటి వచ్చింది నేను, ఫీజు కట్టేది నేను, కన్నది మేము! బయట కూర్చోవాలా? బయట యాభై నిమిషాలు గడియారం చూశాను. అయ్యాక లోపలికి పిలిస్తే, "ఏమన్నాడు మేడం?" అని అడిగాను.

"అది మీకు చెప్పనండి. అబ్బాయి ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం మీకు చెప్తాను. ఆ షరతు అబ్బాయికి కూడా ముందే చెప్పాను. ఇప్పటికి చెప్పాల్సిందేమీ లేదు."

నేను ఏదో అనబోయాను. ఆవిడ నన్నొక ప్రశ్న అడిగింది. "మీవాడి ఫ్రెండు పేరు ఒకటి చెప్పండి." ఇక్కడి స్కూలు ఫ్రెండ్సు పేర్లు చెప్పాను. "వాళ్ళు కాదు. ఇక్కడ, హాస్టల్లో." నాకు తెలియదు. ర్యాంకు తెలుసు, రోల్ నెంబరు పది అంకెలూ నోటికి తెలుసు, ఫ్రెండు పేరు తెలియదు. తర్వాత తెలిసింది, అప్పటికి ఎవరూ లేరు. హాస్టల్లో వాడి పేరు "దుబాయ్". బహ్రైన్ అని ఎంత చెప్పినా దుబాయే. డబ్బున్నవాడని ఒకరు, తెలుగు చదవడం రాదని మరొకరు. పెద్ద ర్యాగింగేమీ కాదు. రోజూ కొంచెం కొంచెం.

నేను పది రోజులకి తిరిగి రావాలి. వచ్చే ముందు రోజు వాడే ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పైన లెక్క: 3,20,000 భాగహారం 180 రోజులు. రోజుకి సుమారు 1,780 రూపాయలు. అప్పటి రేటు దీనారుకి 162. అంటే రోజుకి పదకొండు దీనార్లు. కింద గీతలు. నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు నిలువు. మొత్తం నలభై మూడు. క్లాసుకి వెళ్ళని రోజులు. చివర 473 దీనార్లు అని రాసి దాని చుట్టూ సున్నా.

"పొద్దున్న లేవగానే ఇదే గుర్తొచ్చేది నాన్నా. ఇంత పోగొట్టినవాణ్ణి ఇప్పుడు వెళ్ళి ఏం చెయ్యాలి అనిపించేది. మర్నాటికి ఇంకో పదకొండు."

473 దీనార్లు అప్పట్లో నా నెల జీతం కన్నా కాస్త ఎక్కువ. కానీ నన్ను పట్టుకున్నది ఆ మొత్తం కాదు, ఆ లెక్క. ఆ లెక్క నేర్పింది నేను. వీడు చిన్నప్పుడు షాపులో ఏ బొమ్మ పట్టుకున్నా, "ఇది నాన్నకి ఎన్ని గంటల ఓవర్‌టైమో చెప్పు చూద్దాం" అనేవాణ్ణి. లెక్కలూ వస్తాయి, డబ్బు విలువా తెలుస్తుంది అని. నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. విమానంలో తయారుచేసుకున్న తిట్లు ఒక్కటీ తిట్టలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరే ఉంది.

మా ఆవిడ సంక్రాంతి దాకా అక్కడే ఉండిపోయింది. ఇక్కడ నేనూ, మా అమ్మాయీ, రైస్ కుక్కరూ. సైకాలజిస్టు దగ్గరికి ఆరుసార్లు వెళ్ళాడు. తర్వాత నెలకొకసారి. మందులు అవసరం పడలేదు. పడితే వేసుకునేవాడు, అందులో తప్పేమీ లేదని అప్పటికి నాక్కూడా తెలిసింది. అక్కడితో అయిపోయిందనుకునేరు, సగం పని అలాగే ఉంది. డిటైన్ అయినవాడు జూనియర్లతో మళ్ళీ చేరాలి. పాత బ్యాక్‌లాగులు ఎన్ని, ఏ సబ్జెక్టు సప్లిమెంటరీలో ముందు రాయాలి, పై ఏడాదికి వెళ్ళడానికి ఎన్ని క్రెడిట్లు కావాలి, రెగ్యులేషన్ మారితే ఏ పేపరు బదులు ఏది... ఇదంతా ఒక చిక్కుముడి. ఆ ఇంగ్లీషు లెక్చరరు, తన సబ్జెక్టు కాకపోయినా, రూల్సు పుస్తకం ముందు పెట్టుకుని వాడితో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక కాగితం రాసిచ్చింది. సైకాలజిస్టు వల్ల వాడు పొద్దున్న లేచాడు. లేచి ఎటు వెళ్ళాలో ఆ కాగితం వల్ల తెలిసింది. ఈ రెండూ వేరు వేరు పనులనీ, ఒక పిల్లాడికి రెండూ కావాలనీ నాకు అప్పుడే తెలిసింది. మన పెద్దవాళ్ళం రెండిటికీ కలిపి ఒకటే చేస్తాం, ఉపన్యాసం!

2018లో అయింది. యాభై ఎనిమిది శాతం. ఇప్పుడు విశాఖలో ఆస్పత్రి పరికరాల సర్వీసింగు కంపెనీలో ఉన్నాడు. కలెక్టరు కాలేదు, అమెరికా వెళ్ళలేదు. బాగానే ఉన్నాడు.

ఇక సిత్రా సంగతి. 2019 మే నెలాఖరు. ఆ ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగిన తప్పులు మీకు గుర్తుండే ఉంటాయి. పాసైన పిల్లల్ని ఫెయిలని చూపించడం, ఆ వారం పది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకోవడం. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూడమని ప్రభుత్వం చెప్పాక కొందరు పాసయ్యారు. మా సైటులో స్కాఫోల్డింగు పనిచేసే జగిత్యాల వైపు అన్న ఒకాయన నా దగ్గరికొచ్చాడు.

"సార్, మా బిడ్డ ఫెయిలైందని జూపిచ్చిండ్రు, ఇప్పుడు పాసంటున్నరు. గా దోస్త్‌ల ఆప్షన్లు పెట్టాలెనట. మీరు జర జూస్తరా?"

దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు, 2016 నుంచి ఉంది. ఆ శుక్రవారం వాళ్ళ క్యాంపుకి వెళ్ళాను. ఒక గదిలో ఎనిమిది మంచాలు, పైనా కిందా. కింది మంచం మీద కూర్చుని అమ్మాయికి వీడియో కాల్ చేశాం. తండ్రికి బిడ్డ బీజెడ్‌సీ తీసుకోవాలని. ఆపైన నర్సింగు చేస్తే గల్ఫ్‌కి తెచ్చుకోవచ్చని. ఫోన్లో అమ్మాయి "సరే బాపు", "మీ ఇష్టం బాపు" తప్ప ఇంకో మాట లేదు. కళ్ళు పక్కకి. ఆ "సరే"లు నాకు ఎక్కడో విన్నట్టనిపించాయి. రాత్రి ఎనిమిదింటి ఫోన్లలో విన్నాను.

"అన్నా, ఫోను నాకిచ్చి మీరు కిందకెళ్ళి చాయ్ తాగి రండి" అన్నాను.

"నా బిడ్డతోని మాట్లాడనీకి నేనెందుకు బయటికి వోవాలె సార్?"

ఆ మొహం చూసి నాకు నవ్వూ వచ్చింది, కడుపులో తిప్పినట్టూ అయింది. ఐదేళ్ళ కిందట నా మొహమే అది. గదిలో మిగతావాళ్ళు కూడా మర్యాదగా లేచి బయటికెళ్ళారు.

ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ముందు నేను సైకాలజిస్టు గారి షరతు చెప్పాను, ప్రాణం సంగతైతే దాచననీ, మిగతాది నాతోనే ఉంటుందనీ. ఎలా అడగాలో తెలియక, చచ్చిపోవాలనిపించిందా తల్లీ అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని భయపడ్డాను. కాదట, సూటిగా అడగడమే మేలని తర్వాత తెలిసినవాళ్ళు చెప్పారు. ఆ రాత్రి అమ్మాయి ఒప్పుకున్నాకే వాళ్ళ మేనత్తకి ఫోన్ చేశామనీ, ఆవిడ వచ్చి పక్కనే పడుకుందనీ, మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందనీ మాత్రం చెప్తాను. ఆప్షన్లు నాలుగు రోజుల తర్వాత పెట్టాం. కరీంనగర్లో బీకాం కంప్యూటర్స్. బీజెడ్‌సీ కాదు. తండ్రి రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మాయి 2022లో డిగ్రీ పూర్తి చేసి అక్కడే ఒక షాపులో అకౌంట్లు చూస్తోంది.

అప్పట్నించి శుక్రవారాలు ఇలా అలవాటయ్యాయి. నేను కౌన్సెలర్ని కాదు, ఆ చదువు నాకు లేదు. కాగితాలు చదివి పెడతాను, ఆప్షన్ల గడువులు గుర్తుచేస్తాను, లోకల్ గార్డియన్ నెంబరు మార్పించారా అని అందర్నీ విసిగిస్తాను. అంతకు మించి కనపడితే తెలిసినవాళ్ళ దగ్గరికి పంపుతాను. ఇప్పుడు పంపడానికి చోట్లున్నాయి కాబట్టి ఆ వివరాలు కూడా చెప్తాను. మన ఇండియన్ స్కూలు పిల్లలకి పరీక్షల ముందు సీబీఎస్ఈ 1998 నుంచీ ఫోన్ కౌన్సెలింగ్ నడుపుతోంది. మన ఇళ్ళలో వాడుకున్నవాళ్ళు నాకు తారసపడలేదు. హైదరాబాద్‌లో రోష్నీ హెల్ప్‌లైన్ చాలా ఏళ్ళుగా ఉంది. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ పెట్టింది, నెంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఇండియా వెళ్ళే పిల్లాడి ఫోన్లో సిమ్ కార్డు వేసిన రోజే ఈ నెంబరు కూడా వేసి పంపండి. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ అని కౌన్సెలింగ్ విభాగమే ఉంది. అలాంటివి ఇప్పుడు పెద్ద సంస్థల్లో కొత్త కాదు.

ఇంకో పెద్ద సంగతి. విశాఖలో నీట్ కోచింగు తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి కోర్టుకెళ్ళారు. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యా సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో కనీసం ఒకరుండాలని అందులో ఉంది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న లెక్క కూడా ఆ తీర్పులో కనపడుతుంది. కాబట్టి ఇకమీదట అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్లు ఎంత శాతం అని అడిగాక, ఇంకొక ప్రశ్న అడగండి. కౌన్సెలర్ గారి పేరేమిటి, ఏ గదిలో కూర్చుంటారు, ఏ రోజుల్లో? "ఉన్నారు సార్" అంటే సరిపోదు. గది దాకా నడిచి వెళ్ళి తలుపు తట్టండి. తాళం ఉంటే కిటికీలోంచి చూడండి. అనుభవం మీద చెప్తున్నాను!

బహ్రైన్‌లోనే చదివించేవాళ్ళకీ ఇదే మాట. ఇంట్లోంచే కాలేజీకి వెళ్తున్నాడు కదా, మన కళ్ళ ముందే ఉన్నాడు కదా అనుకుంటాం. మావాడు కూడా రోజూ ఫోన్లో మా కళ్ళ ముందే ఉండేవాడు.

మొన్న వేసవిలో మావాడు వారం రోజులు వచ్చాడు. శుక్రవారం పొద్దున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారని చెప్తే, "నేనూ కూర్చోనా నాన్నా?" అన్నాడు. కడప వైపు కుర్రాడొకడు ఫోన్లో ఉన్నాడు, డిప్లొమా రెండో ఏడు. సరిగ్గా జవాబు చెప్పడం లేదు. మావాడు ఫోన్ తీసుకుని, "తమ్ముడూ, అటెండెన్సు ఎంతుంది? నాది నలభై ఒకటి" అన్నాడు. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను అడగలేని ప్రశ్న అది. మావాడు నా వైపు తిరిగి, తల ఊపి తలుపు చూపించాడు. నేను లేచి చెప్పులేసుకుని కిందకి వెళ్ళాను.

మా బిల్డింగు కింద కోల్డ్ స్టోరు పక్కన కరక్ చాయ్ కొట్టుంది. కప్పు వంద ఫిల్సు. రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, మూడోది నేనే కొని వేశాను. పిల్లల్ని తీసుకుని ఏ శుక్రవారమైనా తొమ్మిది తర్వాత రండి. పిల్లలు పైన మాట్లాడుతున్నంతసేపూ మనం అక్కడ కూర్చుందాం.